పాలపిట్ట గొంతుతో మొదలుపెట్టండి

మీరు అడిగింది ఇదీ: షిఫ్టు అయ్యాక రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఫోన్ తిప్పుతారు. పొట్టి వీడియోలు వందో రెండొందలో చూస్తారు. పడుకునేటప్పుడు ఒక్కటీ గుర్తుండదు. నెట్‌లో నిజంగా తిరగదగ్గ సైట్లు ఏమున్నాయి, వాటిని ఎలా పట్టుకోవాలి? పదో తరగతి చదివే మీ మేనకోడలికి కూడా పనికొచ్చేవి కావాలి. ఇంగ్లీషు అంతంతమాత్రం అని కూడా రాశారు.

నేను 2001 నుంచి పదేళ్ళపాటు విజయనగరంలో నెట్ సెంటర్ నడిపాను. ఇప్పుడు ఒక స్కూల్లో లైబ్రరీ, కంప్యూటర్ ల్యాబ్ రెండూ చూసుకుంటున్నాను. అంటే పాతికేళ్ళుగా మనుషులు నెట్ ముందు కూర్చుని ఏం చేస్తారో పక్కనుంచి చూస్తూనే ఉన్నాను. గంటకు పాతిక రూపాయలిచ్చి కూర్చున్న వాళ్ళు లేచేటప్పుడు ఏదో ఒక సంగతి నాకు చెప్పకుండా వెళ్ళేవాళ్ళు కాదు. "సార్, ఆఫ్రికాలో ఫలానా చెట్టు ఉందట" అనో, "మా ఊరి పేరు ఒక ఫ్రెంచి మ్యాపులో కనబడింది" అనో. డబ్బు పెట్టి కొన్న గంట కాబట్టి ఏదో ఒకటి వెతకాలని వచ్చేవాళ్ళు. మీరు పోగొట్టుకున్నది ఆ వెతుకులాటే అనుకుంటున్నాను. అది తిరిగి దొరుకుతుంది, కష్టమేం కాదు.

ముందు ఒక మాట. "ఆసక్తికరమైన వెబ్‌సైట్లు" అని సెర్చ్ కొట్టకండి. వచ్చే జాబితాలు ఒకదాన్ని చూసి ఒకటి రాసినవి. పాతికలో పది సైట్లు ఈపాటికి మూతబడి ఉంటాయి, మిగతావి ఏదో ఒకటి అమ్మడానికి ఉంటాయి. ఒకప్పుడు ఈ పని చేసిపెట్టే సేవలు ఉండేవి. యాహూ వాళ్ళది 1994 నుంచి మనుషులు కూర్చుని విభాగాలుగా సర్దిన సైట్ల పట్టిక. 2014 చివర్లో అది ఆగిపోయింది. స్టంబుల్‌అపాన్ అని 2001లో వచ్చింది. మన ఇష్టాలు చెప్పి బటన్ నొక్కితే ఎక్కడెక్కడి పేజీలో తెచ్చి ముందు పెట్టేది. మా సెంటర్‌లో దాని కోసమే వచ్చే ఇంజనీరింగ్ పిల్లలు ఉండేవాళ్ళు. 2018 జూన్‌లో అదీ మూసేశారు. ఇప్పుడు ఆ పనిని మనమే చేసుకోవాలి.

నేను చేసే పద్ధతి ఇది. మీ చుట్టుపక్కల ఉన్న ఒక చిన్న సంగతి తీసుకోండి. పిట్ట, వాన, చీర, ఊరి పేరు, ఏదైనా సరే. దాని గురించి ఇరవై ఏళ్ళుగా శ్రద్ధగా పోగుచేసుకుంటూ వస్తున్న మనుషులు ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ఉంటారు. వాళ్ళ సైటు దొరికిందంటే అక్కడి నుంచి దారులు వాటంతటవే తెరుచుకుంటాయి.

మొన్న దసరా సెలవుల్లో మా స్కూలు పిల్లలతో చేసింది చెబుతాను, మీరు ఈ రాత్రే అదే దారిలో నడవొచ్చు.

దసరా నాడు పాలపిట్టను చూడటం మన ఆనవాయితీ. తెలంగాణకు రాష్ట్ర పక్షి కూడా. కానీ దాని గొంతు ఎంతమంది విన్నారు? పిల్లల్ని అడిగితే ఒక్కరు కూడా చెయ్యి ఎత్తలేదు. జెనో-కాంటో అని ఒక సైటు ఉంది. 2005లో నెదర్లాండ్స్‌లో మొదలైంది. ప్రపంచంలోని పక్షుల గొంతులన్నీ పోగుచేయాలని పెట్టారు. ఎవరైనా రికార్డు చేసి పంపవచ్చు, ఎవరైనా డబ్బు కట్టకుండా వినవచ్చు. అందులో ఇండియన్ రోలర్ అని వెతికాం. పాలపిట్టకు ఇంగ్లీషు పేరు అదే. రెక్క విప్పితే అంత నీలం పరిచే పిట్ట గొంతు తియ్యగా ఉంటుందని పిల్లలు అనుకున్నారు. గరగరమని కరుకుగా అరిచేసరికి అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ప్రతి రికార్డు పక్కన అది ఏ ఊళ్ళో, ఏ తేదీన, ఎన్ని గంటలకు చేశారో ఉంటుంది. ఆ శబ్దం గీతలుగా ఎలా ఉంటుందో బొమ్మ కూడా ఉంటుంది. రెండు మూడు రికార్డుల బొమ్మలు పక్కపక్కన పెట్టి చూస్తే కంటికే గొంతు తెలుస్తుంది.

అక్కడి నుంచి ఒక అమ్మాయి "మన రాష్ట్రంలో మాత్రమే ఉండే పక్షి ఏదైనా ఉందా సార్" అని అడిగింది. కలివి కోడి చూపించాను. కడప జిల్లా లంకమల అడవుల పక్షి. 1900 తరవాత ఎవరికీ కనబడక అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో మళ్ళీ దొరికింది. దాన్ని కాపాడటం కోసం అక్కడ అభయారణ్యం పెట్టారు, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. ఇంగ్లీషులో దాన్ని జెర్డన్స్ కోర్సర్ అంటారు. ఎవరీ జెర్డన్? ఇంకో ట్యాబ్ తెరిచాం. థామస్ జెర్డన్ ఈస్టిండియా కంపెనీ సైన్యంలో డాక్టరు. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్నాడు. అక్కడి యానాదుల దగ్గర అడవి సంగతులు ఎన్నో తెలుసుకున్నాడు. 1862 నుంచి మన దేశపు పక్షుల మీద సంపుటాలుగా పెద్ద పుస్తకం వేశాడు.

ఆ పుస్తకం ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది అంటారా? బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ అని ఉంది. ప్రపంచంలోని పెద్ద సైన్సు మ్యూజియంలు, లైబ్రరీలు కలిసి 2006లో మొదలుపెట్టాయి. మొక్కలు, జంతువుల మీద వచ్చిన పాత పుస్తకాలు పేజీ పేజీ స్కాన్ చేసి పెట్టారు. జెర్డన్ సంపుటాలు అందులో ఉన్నాయి. తెరిస్తే చాలా పక్షుల దగ్గర లాటిన్ పేరు కింద హిందీ, తమిళ, తెలుగు పేర్లు ఉన్నాయి. నూట అరవై ఏళ్ళ కిందట మనవాళ్ళు నోటితో చెప్పిన పేర్లు, ఒక డాక్టరు తన చెవికి తోచినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నవి. పిల్లలు వాటిని బిగ్గరగా చదువుతూ మళ్ళీ తెలుగులోకి తెచ్చే ప్రయత్నం చేశారు. కొన్ని పేర్లు వెంటనే తగిలాయి. కొన్ని ఎవరికీ తెలియలేదు. ఒక పిల్లాడు రెండు పేర్లు కాగితం మీద రాసుకుని వాళ్ళ తాతగారిని అడుగుతానని తీసుకెళ్ళాడు.

అక్కడితో ఆగలేదు. తెలియని పేర్ల కోసం ఆంధ్రభారతి సైటుకు వెళ్ళాం. దాని నిఘంటు శోధనలో ఒక్క మాట కొడితే బ్రౌన్, శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు వంటి ఎన్నో నిఘంటువుల్లో ఒకేసారి వెతికి చూపిస్తుంది. ఇంత శ్రమతో కట్టిన తెలుగు సైటు నాకు తెలిసి ఇంకొకటి లేదు. బ్రౌన్ దొర కూడా కడపలో పనిచేసినవాడే, ఆయన పేరుతో అక్కడ లైబ్రరీ ఉంది. అలా పక్షి దగ్గర బయల్దేరి, కడప మీదుగా నిఘంటువులోకి వచ్చాం. రెండు గంటలు పట్టింది. ఆ రోజు చూసినవి ఆ పిల్లలు ఇప్పటికీ చెబుతారు.

ఇందులో సైట్ల పేర్ల కన్నా వాటి మధ్య అడుగులు చూడండి. ప్రతిచోటా ఒక చిన్న ప్రశ్న పుట్టింది, ఆ ప్రశ్న పట్టుకుని ఇంకో చోటికి వెళ్ళాం. పొట్టి వీడియోలో మీకు ప్రశ్న పుట్టేలోపు తరవాతి వీడియో వచ్చేస్తుంది. గుర్తుండకపోవడానికి నాకు తోచిన కారణం అదే.

ఇక రెండో కిటుకు. దీనికి నేను చాలా విలువ ఇస్తాను. మన ఊళ్ళ పాత ఇంగ్లీషు పేర్లతో వెతకండి. విశాఖపట్నం అని కొడితే హోటళ్ళు వస్తాయి. విజగాపటం అని ఇంగ్లీషులో కొట్టండి, వేరే లోకం వస్తుంది. అలాగే మచిలీపట్నానికి మసూలిపటం, కాకినాడకు కొకనాడ, ఏలూరుకు ఎల్లోర్, విజయవాడకు బెజవాడ, కడపకు కడ్డపా, భీమిలికి బిమ్లిపటం. తీరం మొత్తానికి కోరమాండల్. తెలుగును ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళు జెంటూ అనేవాళ్ళు. ఆ మాటతో వెతికితే ముందు పెంగ్విన్లు వస్తాయి, ఆ పేరుతో ఒక పెంగ్విన్ జాతి ఉంది. పక్కన "లాంగ్వేజ్" అని చేరిస్తే మన భాష వస్తుంది.

ఈ పేర్లను మామూలు సెర్చ్‌లో కాకుండా మ్యూజియంల సొంత సెర్చ్‌లో కొట్టాలి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం తన దగ్గరున్న లక్షల వస్తువులను ఫొటోలతో నెట్‌లో పెట్టింది. అందులో కోరమాండల్ అని కొడితే మన తీరంలో చేతితో గీసి అద్దకం వేసిన పెద్ద పెద్ద దుప్పట్లు వస్తాయి, పలంపూర్ అంటారు వాటిని. మధ్యలో ఒక చెట్టు, దాని కొమ్మలకు ఒకదానితో ఒకటి పోలిక లేని పువ్వులు. పద్దెనిమిదో శతాబ్దంలో యూరప్ ఇళ్ళల్లో మంచాల మీద పరిచినవి ఇవి. ఫొటోను పెద్దది చేసుకుంటే గీత ఎక్కడ సన్నబడిందో, రంగు ఎక్కడ బయటికి పాకిందో కనిపిస్తుంది. కలంకారీ పని తెలిసినవాళ్ళు మీ ఇంట్లో ఉంటే వాళ్ళతో కలిసి చూడండి, వాళ్ళు మనకు కనబడనివి చెబుతారు.

విజగాపటం అని కొడితే ఏనుగు దంతం తాపడం చేసిన పెట్టెలు, కుర్చీలు, రాతబల్లలు వస్తాయి. దంతం మీద సన్నగా చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవాళ్ళు. విశాఖ పనివాళ్ళ చేతిలో తయారై దొరల ఇళ్ళకు వెళ్ళినవి. మాది పక్క జిల్లానే అయినా ఇలాంటి పని ఇక్కడ జరిగిందని నాకు నలభై ఏళ్ళు వచ్చేదాకా తెలియదు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం సైటులో కూడా చూడండి. 2017 నుంచి వాళ్ళు కాపీరైటు లేని వస్తువుల ఫొటోలను ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చని తెరిచేశారు.

అమరావతి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడి స్తూపం శిల్పాల్లో నూటికి పైగా లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మరికొన్ని చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు తరలించినవి తరవాత ఓడ ఎక్కాయి. బ్రిటిష్ మ్యూజియం కలెక్షన్ సైటులో అమరావతి అని కొడితే ఒక్కో పలక విడివిడిగా, దగ్గరగా కనిపిస్తుంది. మా పిల్లల్ని అమరావతి తీసుకెళ్ళినప్పుడు ముందురోజు ఈ ఫొటోలు చూపించాను. స్తూపం దగ్గర నిలబడి "ఆ పలక ఇక్కడ ఉండేదా సార్" అని అడిగారు. నాకు ఆ ప్రశ్న చాలా విలువైనదిగా తోచింది.

ఇవన్నీ గతం. ఇప్పుడు ఈ నిమిషంలో జరుగుతున్నది చూపించే సైట్లు కొన్ని ఉన్నాయి, రాత్రిపూట షిఫ్టు నుంచి వచ్చిన మనిషికి ఇవి చాలా హాయి.

ఎర్త్ డాట్ నల్‌స్కూల్ డాట్ నెట్. భూగోళం మీద గాలి ఎటు వీస్తోందో పారే గీతలుగా చూపిస్తుంది. కెమెరాన్ బెకారియో అనే ఆయన 2013లో పెట్టాడు. వాతావరణ శాఖలు వాడే కంప్యూటర్ అంచనాలే దీనికి ఆధారం. భాష అక్కర్లేదు, వేలితో గోళం తిప్పితే చాలు. బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టినప్పుడు చూడండి, గీతలన్నీ మెల్లగా వంగి సుడిగా చుట్టుకోవడం తెలుస్తుంది. మన అర్ధగోళంలో ఆ సుడి గడియారం ముల్లుకు ఎదురుదిక్కున తిరుగుతుంది. పాత తేదీలకు కూడా వెళ్ళవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ రోజు మేం తలుపులు వేసుకుని లోపల కూర్చున్నాం, తరవాత రోజుల తరబడి కరెంటు లేదు. కొన్నేళ్ళకు ఈ సైటులో ఆ తేదీ పెట్టి చూశాను. మా ఇంటి మీద నుంచి వెళ్ళిన గాలిని పైనుంచి చూడటం ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేను. చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

రేడియో గార్డెన్ కూడా అలాంటిదే. గోళం మీద పచ్చ చుక్కలు ఉంటాయి, ఒక్కో చుక్క ఒక్కో ఊరి రేడియో. 2016లో నెదర్లాండ్స్ నుంచి వచ్చింది. మనకు అర్ధరాత్రి అయినప్పుడు ఏ బ్రెజిల్ ఊళ్ళోనో మధ్యాహ్నం పాటలు వేస్తుంటారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా యాంకర్ గొంతులో హుషారు తెలుస్తుంది. విండో స్వాప్ అనేది 2020 లాక్‌డౌన్‌లో పుట్టింది. ఎవరెవరో తమ కిటికీలోంచి కనిపించేది పది నిమిషాలు తీసి పంపుతారు. వాన, వీధి, పిల్లి. అలసిపోయిన రోజు ఇది చాలు.

ఓడల్ని చూపించే మెరైన్ ట్రాఫిక్ ఉంది. పెద్ద ఓడలన్నీ తామెవరో, ఎక్కడున్నామో రేడియో సంకేతం పంపుతూ ఉండాలని అంతర్జాతీయ నిబంధన. ఆ సంకేతాలు పట్టి మ్యాపు మీద పెడతారు. విశాఖ బీచ్‌లో కూర్చున్నప్పుడు దూరంగా లంగరేసిన ఓడలు కనిపిస్తాయి కదా, ఫోన్‌లో తెరిస్తే ఆ ఓడ పేరు, ఏ దేశపు జెండా, ఏ రేవుకు వెళ్తోంది అన్నీ తెలుస్తాయి. విమానాలకు ఫ్లైట్‌రాడార్24 ఉంది. రెండింటిలోనూ కొంత ఉచితం, లోతుగా చూడాలంటే డబ్బు అడుగుతారు. ఉచితంగా వచ్చేది మనకు సరిపోతుంది.

గూగుల్ ఎర్త్‌లో టైమ్‌లాప్స్ అని ఒక సదుపాయం ఉంది. 1984 నుంచి తీసిన ఉపగ్రహ చిత్రాలను ఏడాది ఏడాదిగా కదిలిస్తుంది. కొల్లేరు మీద పెట్టి చూడండి. చేపల చెరువుల గళ్ళు సరస్సులోకి ఎలా పాకాయో కంటి ముందే జరుగుతుంది. హైదరాబాద్ పడమటి వైపు పెడితే రాళ్ళగుట్టలు భవనాలుగా మారడం కనిపిస్తుంది. మన ఇస్రో వాళ్ళ భువన్ కూడా 2009 నుంచి ఉంది, హైదరాబాద్ బాలానగర్‌లోని కేంద్రం నడుపుతుంది. వాడటానికి కొంచెం ఓపిక కావాలి కానీ మన దేశానికి సంబంధించిన పొరలు దానిలో ఎక్కువ.

మేనకోడలి సంగతి. పదో తరగతి అంటే టెన్షన్ ఎలాగూ ఉంటుంది, కాబట్టి పాఠంలా కనిపించనివి చెబుతాను. నీల్ డాట్ ఫన్ అనే సైటులో డీప్ సీ అనే పేజీ తెరవమనండి. వేలితో కిందికి జరుపుతూ పోతే సముద్రంలోకి దిగుతుంది. ఏ లోతులో ఏ జీవి ఉంటుందో పక్కన కనిపిస్తుంది. వెలుతురు తగ్గుతుంది. దాదాపు పదకొండు వేల మీటర్ల దగ్గర అడుగు తగులుతుంది. అంతసేపు జరిపిన వేలికి ఆ లోతు ఎంతో తెలుస్తుంది. జోష్ వర్త్ అనే ఆయన 2014లో చేసిన ఇంకో పేజీ ఉంది. అందులో చంద్రుడు తెర మీద ఒకే ఒక్క చుక్కంత. మిగతా సౌరకుటుంబం అదే కొలతలో. సూర్యుడి నుంచి పక్కకు జరుపుతూ పోతే భూమి వచ్చేసరికే చెయ్యి నొప్పి పుడుతుంది. దూరం అంటే ఏమిటో ఇంతకంటే బాగా చెప్పిన పాఠం నేను చూడలేదు. ఫెట్ అని కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళది, కరెంటు సర్క్యూట్లు, కాంతి వక్రీభవనం వంటివి ఆడుకుంటూ చేసి చూడొచ్చు. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి.

నాసా వాళ్ళు 1995 జూన్ 16 నుంచి రోజుకొక అంతరిక్ష చిత్రం, కింద నాలుగు వాక్యాల వివరం పెడుతున్నారు. ఆర్కైవ్‌లో ఆ అమ్మాయి పుట్టినరోజు తేదీ తెరిచి చూపించండి. తనకంటూ ఒక అంతరిక్ష చిత్రం దొరుకుతుంది.

జూనివర్స్ గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. శాస్త్రవేత్తల దగ్గర లక్షల ఫొటోలు పోగుపడతాయి, అన్నీ చూడటానికి మనుషులు చాలరు. అందుకని మామూలు జనాన్ని సాయం అడుగుతారు. 2007లో గెలాక్సీ జూతో మొదలైంది, ఫొటోలో ఉన్న గెలాక్సీ ఏ ఆకారంలో ఉందో చెప్పాలి, అంతే. ఆ ఏడాదే హానీ వాన్ ఆర్కెల్ అనే డచ్ స్కూలు టీచరు ఒక గెలాక్సీ పక్కన వింత మచ్చ చూసి "ఇదేంటి" అని అడిగింది. ఎవరూ చెప్పలేకపోయారు. అది అంతకుముందు ఎవరూ గుర్తించని భారీ వాయుమేఘం. తరవాత హబుల్ టెలిస్కోపును దానివైపు తిప్పి ఫొటో తీశారు. ఇప్పటికీ దాన్ని హానీ వోర్‌వెర్ప్ అనే పిలుస్తారు, డచ్‌లో "వోర్‌వెర్ప్" అంటే వస్తువు. ఇప్పుడు అక్కడ అడవి కెమెరాల ఫొటోల్లో జంతువుల్ని గుర్తించడం నుంచి పాత చేతిరాతలు చదవడం దాకా ఎన్నో పనులు ఉన్నాయి. పిల్లలకు తాము చేసింది నిజమైన పని అని తెలిస్తే ఎంత శ్రద్ధ వస్తుందో నేను రోజూ చూస్తున్నాను.

ఇంగ్లీషు అంతంతమాత్రం అన్నారు కదా, తెలుగులోనే రాత్రంతా తిరగగలిగినంత ఉంది. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం పెట్టారు. తెలుగులో వచ్చిన ప్రతి కథా ఒకచోట ఉండాలన్నది ఆయన పట్టుదల. ఆ సైటులో రచయిత పేరుతో, పత్రిక పేరుతో వెతుక్కోవచ్చు. చాలా కథలకు అచ్చయిన పేజీల స్కానులే ఉన్నాయి. మీ ఊరి రచయిత ఎవరైనా ఉంటే ఆ పేరు కొట్టండి. ఈమాట పత్రిక 1998 నుంచి నెట్‌లోనే వస్తోంది, అమెరికాలోని తెలుగువాళ్ళు మొదలుపెట్టారు, పాత సంచికలన్నీ చదువుకోవచ్చు. పల్లెల మీద రాసే పరి అనే సైటును 2014లో విలేకరి పి. సాయినాథ్ ప్రారంభించారు. చేనేత, చేపల వేట, వలస పనుల మీద ఫొటోలతో పెద్ద కథనాలు ఉంటాయి, చాలావాటికి తెలుగు అనువాదం ఉంది. తెలుగు వికీపీడియా 2003 నుంచి ఉంది. దాని పక్క పట్టీలో యాదృచ్ఛిక పేజీ అని ఉంటుంది, నొక్కితే ఏ పేజీ వస్తుందో తెలియదు. ఎక్కువగా ఏదో ఒక పల్లె పేజీ వస్తుంది. ఆ పల్లె పక్కన ఏముందో చూడండి, అదే మంచి ఆట.

పాత తెలుగు పుస్తకాలకు ఇంటర్నెట్ ఆర్కైవ్. 1996లో బ్రూస్టర్ కేల్ మొదలుపెట్టాడు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు అక్కడికి చేరాయి. అయితే పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచినట్టు వాళ్ళు కొట్టినవి. ఒక్క స్పెల్లింగుతో దొరకలేదని వదిలేయకండి. "చరిత్ర"ను నాలుగు రకాలుగా కొట్టి చూడండి, చివర ము, మ్, ఉ తీసేసి చూడండి. రచయిత ఇంటిపేరు ఒక్కటే కొట్టి, భాష దగ్గర తెలుగు ఎంచుకోండి. నేను ఒక పుస్తకం ఆరో ప్రయత్నంలో పట్టుకున్నాను.

అదే ఆర్కైవ్‌లో వేబ్యాక్ మెషీన్ ఉంది, మూతబడిన సైట్ల పాత రూపాలు దాచిపెడుతుంది. దీనితో నాకు సొంత అనుబంధం ఉంది. తెలుగు బ్లాగులు బాగా నడిచిన రోజుల్లో, కూడలి, జల్లెడ, హారం, మాలిక వంటి సంకలినులు (బ్లాగుల కొత్త రాతల్ని ఒకచోట చూపే సైట్లు) ఉదయాన్నే తెరిచి ఎవరు కొత్త టపా రాశారో చూసేవాళ్ళం. నేనూ నాలుగేళ్ళు రాశాను, మా ఊరి కోట గురించి, బజారు గురించి. నేను వాడిన ఉచిత సేవ ఒక రోజు మూతబడింది, ముందు చెప్పిన గడువు నేను చూసుకోలేదు, అన్నీ పోయాయి. తరవాత వేబ్యాక్‌లో పాత చిరునామా కొడితే సగానికి పైగా టపాలు వ్యాఖ్యలతో సహా దొరికాయి. ఆ వ్యాఖ్యలు రాసినవాళ్ళలో ఇద్దరు ఇప్పుడు లేరు. మీకు ఏ పేజీ అయినా మనసుకు పట్టిందంటే వేబ్యాక్‌లో "సేవ్ పేజ్" దగ్గర ఆ చిరునామా ఇచ్చి దాచండి. ఇది నేను బతిమాలి చెబుతున్న మాట.

ఒక్క మనిషి ప్రేమతో కట్టుకున్న చిన్న సైట్లు పెద్ద సెర్చ్‌లో పైకి రావు. వాటి కోసం విబీ, మార్జినాలియా అనే చిన్న సెర్చ్ సైట్లు ఉన్నాయి. విబీలో "సర్‌ప్రైజ్ మీ" నొక్కితే ఏదో ఒక సొంత పేజీకి తీసుకెళ్తుంది. పాత రేడియోలు బాగుచేసే ఆయన, టైప్‌రైటర్లు పోగుచేసే ఆవిడ, ఇలాంటివాళ్ళు ఎదురవుతారు. అన్నీ ఇంగ్లీషే, కానీ బ్రౌజర్‌లో తెలుగులోకి మార్చే సదుపాయం ఉంది. అనువాదం గతుకులుగా ఉన్నా విషయం అందుతుంది. అలాంటి పేజీలో కిందికి వెళ్ళి "లింక్స్" అనే మాట వెతకండి. తనకు నచ్చిన సైట్లు అక్కడ పెడతారు. ఏ జాబితా కన్నా అది మంచి జాబితా.

జాగ్రత్తలు నాలుగు ముక్కల్లో. కొత్త సైటు "నోటిఫికేషన్లు పంపనా" అంటే వద్దనండి. చూడటానికి యాప్ దించుకోమంటే బయటికి వచ్చేయండి, పైన చెప్పిన వాటిలో ఏదీ బ్రౌజర్‌లో తెరవకుండా ఉండదు. "మీ ఫోన్‌లో వైరస్ ఉంది" అని పేజీ చెబితే ట్యాబ్ మూసేయండి. ఇలా ఊరికే చూడటానికి ఓటీపీ, బ్యాంకు వివరాలు అడిగితే అది మోసమే అనుకోండి. మేనకోడలికి కూడా ఇవి చెప్పి ఉంచండి.

ఇంకొకటి, ఫోన్ కన్నా పెద్ద తెర ఉంటే దాని మీద చూడండి. పలంపూర్ దుప్పటిని అయిదంగుళాల తెర మీద చూస్తే దాని గొప్పతనం సగం పోతుంది. పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకుని తేదీ, సైటు పేరు, అక్కడ పుట్టిన ప్రశ్న రాసుకోండి. బుక్‌మార్కులు వందలు పేరుకుపోతాయి, తిరిగి ఎవరూ చూడరు. కాగితం మీద రాసింది మర్నాడు బస్సులో గుర్తొస్తుంది.

ఈ రాత్రికి పాలపిట్టతో మొదలుపెట్టండి. ఆ తరవాత మీది ఏ ఊరో, ఇంట్లో పెద్దవాళ్ళు ఏ పని చేసేవాళ్ళో ఇక్కడ రాయండి. ఆ ఊరి పాత ఇంగ్లీషు స్పెల్లింగు, ఏ మ్యూజియంలో, ఏ ఆర్కైవ్‌లో వెతకాలో నేను చూసి చెబుతాను.